రక్తం పడితే మొలలే అనుకోవద్దు



వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. బట్టలుతుక్కోవడం, నిద్ర పక్కనబెట్టి వచ్చారు. అందుకే సూటిగా మాట్లాడుకుందాం. ఇది మనం చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతి.

దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడిందని ఎవరన్నా చెప్తే మనం ఏమంటాం? "ఎండలో పని కదా, వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటాం. లేకపోతే "మొలలే" అని ఊరి నుంచి తెచ్చుకున్న మందు ఇస్తాం. మా గదిలో ఒక అన్న ఇట్లాగే ఏడాదిన్నర గడిపాడు. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపిస్తారని భయం. అప్పు ఇంకా తీరలేదు. సెలవుకు వెళ్లి చూపించుకునేసరికి పెద్దపేగు కేన్సర్ లివర్‌కు పాకింది. అది అన్న ఒక్కడి తప్పు కాదు. మజ్జిగ తాగమన్నది మేమే.

నిజమే, రక్తం పడేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది మొలలే. కానీ ఆ మాట డాక్టరు చూసి చెప్పాలి, పక్క మంచం మీది మనిషి కాదు. పెద్దపేగు కేన్సర్ చాలావరకు పేగు లోపల పులిపిరిలాంటి చిన్న కండతో మొదలవుతుంది. దాన్ని పాలిప్ అంటారు. అది కేన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోగా కొలనోస్కోపీలో కనబడితే అక్కడే తీసేయొచ్చు. అంటే మనకు టైమ్ ఉంటుంది. సిగ్గుతో, భయంతో దాన్ని పోగొట్టుకుంటున్నాం.

రక్తం ఒక్కటే కాదు. మూడు వారాలైనా తగ్గని విరేచనాలు లేదా మలబద్ధకం, తారులా నల్లటి మలం, ముద్ద గొంతు దిగకపోవడం, కళ్లు పచ్చబడటం, ఊరికే బరువు తగ్గిపోవడం: వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గ్యాస్ మాత్రలతో నెలలు నెట్టొద్దు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో పేగు కేన్సర్ వచ్చి ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి. గుట్కా, సిగరెట్, మందు అన్నవాహిక నుంచి పేగు దాకా ముప్పు పెంచుతాయి. అవి మానడం మన చేతిలో ఉంది.

ఇంటికి వెళ్లాల్సి వస్తే దారి మూసుకుపోదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆస్పత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. కార్డులో మన పేరు ఉందో లేదో ఈ వారమే ఇంటికి ఫోన్ చేసి కనుక్కుందాం.

ఇకమీదట ఎవరన్నా రక్తం పడుతోందంటే నవ్వొద్దు, మన మందు మనం ఇవ్వొద్దు. చెప్పులేసుకుని ఆస్పత్రికి వాళ్ల వెంట వెళ్దాం.