లెఫ్కాండి సమాధి

క్రీస్తు పూర్వము 1200 ప్రాంతమున గ్రీసు దేశములోని గొప్ప రాజప్రాసాదములు ఒకదాని వెనుక ఒకటి తగులబడి నేలమట్టమైనవి. మైసీనీ, పైలోస్ మొదలైన ఆ నగరులలో ధాన్యమెంత, నూనె యెంత, రథచక్రములెన్ని అని మట్టి పలకలపై లెక్కలు వ్రాయు గుమాస్తాలుండెడివారు. ఆ పలకల మీది లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అను ఆంగ్లేయుడు చదువగలిగినాడు. ఆయన వృత్తిచేత భవనశిల్పి. ఆ సంగతి ఆయన లోకమునకు వెల్లడించినది ఒక రేడియో ప్రసంగములోనే. రేడియోవారమైన మాకు ఈ ముక్క చెప్పుకొనుట కొంత సంతోషము.

ప్రాసాదములతోపాటు ఆ గుమాస్తాలు పోయినారు, ఆ లిపియు పోయినది. గ్రీకులు ఫినీషియనుల అక్షరములు నేర్చి మరల వ్రాయ మొదలుపెట్టునప్పటికి సుమారు నాలుగు వందల యేండ్లు గడచినవి. ఈ నడిమి కాలమునకు చరిత్రకారులు 'చీకటి యుగము' అని పేరు పెట్టినారు. ఆ కాలపు జనులు చిన్న చిన్న గుడిసెలలో, సముద్రము దాటి పోకుండ, బంగారము ముఖము చూడకుండ బ్రతికినారని చాలకాలము చెప్పుకొన్నారు. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూపిన స్థలము ఒకటున్నది. దాని పేరు లెఫ్కాండి.

ఏథెన్సుకు ఉత్తరముగా, ప్రధాన భూభాగమును ఆనుకొని, యూబియా అను పొడవైన ద్వీపమున్నది. అందులో ఖాల్కిస్, ఎరిట్రియా అను రెండు ప్రాచీన నగరముల నడుమ సముద్రపు టొడ్డున లెఫ్కాండి గ్రామము. ఏథెన్సులోని బ్రిటిష్ పురాతత్త్వ సంస్థవారు 1964లో ఇచ్చట త్రవ్వకములు ఆరంభించినారు. ఒడ్డున ఉన్న గుట్టమీద పాత ఊరు బయటపడినది. ఊరికి కొంత దూరములో శ్మశానములు, వాని నడుమ గ్రీకులు టూంబా అని పిలుచు దిబ్బ. మన పల్లెలలో పాటిదిబ్బ అన్నట్లే, ఆ మాటకును దిబ్బ అనియే అర్థము.

1980లో ఆ స్థలమున ఇల్లు కట్టుకొనవలెనను తలంపుతో, అనుమతి లేకుండ, దిబ్బ నడిమి భాగమును బుల్‌డోజరుతో తొలగించినారు. ఆ యంత్రము చాలవరకు చెరుపగా మిగిలినదానినే 1981 మొదలు 1983 వరకు బ్రిటిష్, గ్రీకు పండితులు కలిసి త్రవ్వినారు. నడుమ ఏమేమి పోయినదో ఇక ఎవరును చెప్పజాలరు. మిగిలినది మాత్రము అందరిని విస్మయపరచినది.

దిబ్బ క్రింద ఒక కట్టడమున్నది. పొడవు ఇంచుమించు 50 మీటర్లు. చుట్టు వసారా పోగా వెడల్పు 10 మీటర్లు. రాతి పునాదిపై పచ్చి ఇటుకల గోడలు, నడుమ కొయ్య స్తంభముల వరుస, ఒక కొన గజపృష్ఠాకారముగా గుండ్రముగా తిరిగియున్నది. కాలము క్రీస్తు పూర్వము 950 ప్రాంతము. ఇంతటి కట్టడము గ్రీసులో మరల కనబడుటకు సుమారు రెండు వందల యేండ్లు పట్టినది.

ఆ కట్టడపు నడిమి గదిలో రెండు లోతైన గోతులున్నవి. ఒకదానిలో నాలుగు గుర్రముల కళేబరములు. వానిలో రెండింటి నోట ఇనుప కళ్ళెములు ఇంకను ఉన్నవి. రెండవ గోతిలో ఇద్దరు మనుష్యులు. పురుషుని శరీరము దహింపబడినది. అస్థికలను వస్త్రములో చుట్టి ఒక కంచు కలశములో ఉంచి, పైన కంచు గిన్నె మూతగా పెట్టినారు. ఆ మూత మూలముననే వస్త్రము మూడువేల యేండ్లు కొంతవరకు చెడకుండ నిలిచినది. కలశము సైప్రస్ ద్వీపపు పని. అంచున వేటగాండ్రు, మృగములు చెక్కబడియున్నవి. ప్రక్కన ఇనుప ఖడ్గము, ఈటె మొన, సానరాయి. కత్తి సరే, దానిని నూరుకొను సానరాయిని గూడ మరువక పెట్టిన ఆ చేతులెవరివో యని నాకు అనిపించుచుండును.

స్త్రీ శరీరము దహింపబడలేదు. ఆమెను ఆభరణములతో వెల్లకిల పరుండబెట్టినారు. రొమ్ముపై బంగారు బిళ్ళలు, శిరస్సునకు ఇరువైపుల బంగారు కేశభూషణములు. కంఠాభరణము బాబిలోనియా దేశపు పని. ఆమె మరణించునాటికే ఏడు వందల యేండ్లకు పైబడిన పాత వస్తువు. అది ఎన్ని చేతులు మారి ఆ ద్వీపము చేరినదో! ఆమె తల ప్రక్కన దంతపు పిడి గల ఇనుప చాకు ఒకటి ఉన్నది.

ఈ చాకు మీదనే వివాదము. గుర్రములను చంపినారు గదా, ఈమెను గూడ చంపి పాతినారని కొందరు పండితుల ఊహ. చేతులు, పాదములు ఒకదానిపై నొకటి ఉండుటయు కట్టివేసిన గుర్తేమో యని వారి అనుమానము. మనకైతే సహగమనము అను మాట వెంటనే స్ఫురించును. కాని దానిని అచ్చటికి మోసికొనిపోవుట న్యాయము కాదు: అతనిని దహించినారు, ఆమెను దహింపలేదు. చాకు అనునది ఇంటి పనిముట్టును కావచ్చును, పూజా సాధనమును కావచ్చును. ఎముకలు ఆమె ఎట్లు మరణించినదో చెప్పుట లేదు. పైగా ఆ గోతిలోని బంగారమంతయు ఆమె మీదనే ఉన్నది. మొదట వ్రాసినవారు అతనిని 'వీరుడు' అని, ఆమెను అతని వెంట వచ్చినదిగను భావించినారు. ఆమెయే గొప్ప వంశమునకు చెందినదై యుండరాదా అని తరువాతివారు అడుగుచున్నారు. ఈ ప్రశ్న నాకు సబబుగా తోచుచున్నది. సాక్ష్యము చాలకుండ చంపినారని ఒకసారి గ్రంథస్థమైనచో తరువాతివారు దానినే వల్లింతురు.

హోమరు కావ్యము చదివినవారికి ఇందులో తెలిసిన గుర్తులు కనబడును. ఇలియడ్‌లో పాట్రొక్లసు చితిపై నాలుగు గుర్రములను వేసినారు; పండ్రెండుగురు ట్రోజను యువకులను వధించినారు. హెక్టరు అస్థికలను వస్త్రములలో చుట్టి బంగారు పేటికలో ఉంచి, పైన మట్టి దిబ్బ పోసినారు. ఆ కావ్యము రూపొందుటకు రెండు వందల యేండ్లకు మునుపే లెఫ్కాండిలో ఇట్టి సంస్కారము జరిగినది. హోమరు వర్ణించినది కేవలము కల్పన కాదనుటకు ఇది చాలును. లెఫ్కాండివారే ఆ కథానాయకులు అనుట మాత్రము ఉత్సాహపరుల మాట.

ఆ కట్టడము ముందు ప్రభువు ఇల్లై, పిమ్మట సమాధి అయినదా, లేక సమాధి కొరకే కట్టినదా అనుట ఇంకను తేలలేదు. నేల అరిగిన జాడ అంతగా లేదు గనుక రెండవ మాటకే నేను మొగ్గుదును. ఏదైనను కట్టిన కొలది కాలమునకే దానిని కావలెనని రాళ్ళతో, మట్టితో పూడ్చి దిబ్బగా పేర్చినారు. పిమ్మట దిబ్బకు తూర్పున నూరేండ్లకు పైగా తమవారిని పాతిపెట్టినారు. ఆ సమాధులలో ఈజిప్టు పూసలు, ఫినీషియా గిన్నెలు దొరికినవి. యూబియా కుండలు ఫినీషియా రేవుపట్టణమైన టైర్‌లో దొరికినవి. సముద్రము దాటని జనులకు ఇవి ఎట్లు చేరును?

ఆ శ్మశానములో దొరికిన మరియొక వస్తువు గూర్చి చెప్పి ముగింతును. సగము మనిషి, సగము గుర్రమైన మట్టిబొమ్మ. ఎత్తు 36 సెంటీమీటర్లు. తల ఒక సమాధిలో, మొండెము మరియొక సమాధిలో దొరికినవి. కుడి చేతికి ఆరు వ్రేళ్ళు, మోకాలి క్రింద కావలెనని గీసిన గాటు. వీరులకు విద్య గరపిన ఖైరాన్ అను అశ్వమానవునికి మోకాలికి బాణము తగిలినదని గ్రీకు పురాణములు చెప్పును. ఈ బొమ్మ అతనిదే కావచ్చును. బొమ్మను విరిచి రెండు సమాధులలో ఉంచినవారు ఆ ఇద్దరికి ఏ సంబంధమున్నదని తలచినారో! రెండు ముక్కలను ఇప్పుడు అతికి ఎరిట్రియా మ్యూజియములో నిలిపినారు.