పోలియో చుక్కలు గడప దాకా వచ్చాయి, మంచినీళ్లు రాలేదు

(కోల్‌కతాలో తెలుగు పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి నుంచి హుగ్లీ నది దాటితే హౌరా. ఆ జిల్లాలో జరీ పనికి పేరున్న పాంచ్లా బ్లాకు ఉంది. భారతదేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు అక్కడిదే, 2011 జనవరి 13. ఏడాదిన్నర పాప. తోబుట్టువులకు చుక్కలు వేయించిన తల్లిదండ్రులు ఈ పాపకు వేయించలేదు. తరచూ జబ్బు పడే బిడ్డ కదా, మందు పడదేమోనని భయపడ్డారు.

పల్స్ పోలియో రోజుల్లో పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో 'పి' అని, ఎవరైనా మిగిలిపోతే 'ఎక్స్' అని రాసేవారు. ఆ ఎక్స్‌లోనూ రకాలున్నాయి: ఇంటికి తాళం, బిడ్డకు జబ్బు, నిరాకరణ. పత్రికల్లో ఎక్కువగా వినిపించింది మాత్రం నిరాకరణే, అదీ ముస్లింల పేరుతో.

వదంతులు లేవని నేననను. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న ప్రచారం పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో బలంగా సాగింది. కానీ ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చూసిన జనం వాళ్లు. ఆసుపత్రి కట్టని, రోడ్డు వేయని ప్రభుత్వం నెలనెలా ఒక్క మందుతోనే తలుపు తడితే అనుమానం రాదా?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. చుక్కలు పడిన పిల్లలకే, అదీ చాలాసార్లు పడిన పిల్లలకే, కాళ్లు చచ్చుబడ్డాయి. 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం టైప్ 1 పోలియో మీద ఒక్కో డోసు రక్షణ ఉత్తరప్రదేశ్‌లో 9 శాతం, మిగతా దేశంలో 21 శాతం. మందు అదే. ఇరుకు ఇళ్లు, ఆగని విరేచనాలు, మురుగు కలిసిన నీళ్లు, వీటి మధ్య పేగుల్లో మందు సరిగా పట్టడం లేదు. 2009లో దేశంలో 741 కేసులు, అందులో చాలా భాగం ఉత్తరప్రదేశ్, బీహార్‌లవే. ఆ రెండు రాష్ట్రాల్లో 107 బ్లాకులను గుర్తించి, చుక్కలతో పాటు విరేచనాల చికిత్స, చేతుల శుభ్రత, నీళ్ల గురించి మాట్లాడారు. 2010 జనవరిలో కొత్త ద్విగుణ టీకా వచ్చింది. ఆ ఏడాది కేసులు 42.

ఈ వైరస్ మలంలో బయటికొచ్చి నోట్లోకి వెళుతుంది. మన దేశంలో మలాన్ని ఎవరు ఎత్తాలో, మంచినీళ్ల దగ్గరికి ఎవరు రాకూడదో నిర్ణయించింది కులం. 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు దగ్గర అడిగింది నీళ్ల మీద హక్కు. ప్రజారోగ్య పాఠ్యపుస్తకాల్లో మహద్ ఎక్కడా కనిపించదు, నాకది ఎప్పుడూ వింతగానే ఉంటుంది. మనం కూడా పోలియోను వైద్యుల సబ్జెక్టుగా వదిలేశాం.

2014 మార్చి 27న మనకు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. చిన్న విజయం కాదది. ఇల్లిల్లూ తిరిగిన ఆడవాళ్ల కష్టం అందులో ఉంది. ఆశా వర్కర్లు ఇప్పటికీ కాగితం మీద 'స్వచ్ఛంద' కార్యకర్తలే, జీతం లేదు, పారితోషికమే.

మురుగు మాత్రం మారలేదు. నోటి చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. టీకాలు తక్కువగా, మురుగు ఎక్కువగా ఉన్నచోట అది మనిషి నుంచి మనిషికి తిరిగి మళ్లీ బలం పుంజుకోగలదు. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో అలాంటి వైరస్ దొరికితే, జూన్‌లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూది మందు వేశారు. 2022లో ఇదే కోల్‌కతాలో, మెటియాబ్రూజ్ మురుగులోనూ దొరికింది. వైరస్ ఉందో లేదో తెలుసుకోవడానికి మురుగు నమూనా తీసుకెళ్లారు సరే, ఆ కాలువ పక్క ఇళ్లకు నీళ్ల పైపు ఏ దారిన వస్తుందో కూడా చూడాలి కదా.

మనలో ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లేవాళ్లున్నారు. టీకా వేయించని ఇంటి దగ్గర ప్రశ్నావళిలో 'అవగాహన లోపం' అని టిక్కు పెట్టే ముందు ఇంకో మూడు అడగండి: కుళాయి ఎంత దూరం, మరుగుదొడ్డి ఉందా, పోయిన నెలలో బిడ్డకు ఎన్నిసార్లు విరేచనాలయ్యాయి.