అడిగే హక్కు: శామీర్‌పేట నుంచి జీడిమెట్ల దాకా



జీడిమెట్ల కార్మికులకు రాత్రిబడి నడిపిన మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసంలో కుటుంబం, సమాజం మనిషికి ‘నేను ఇక్కడివాణ్ణి’ అనే భరోసాను ఎలా ఇస్తాయో మాట్లాడమన్నారు. మాస్టారి రాత్రిబడికి వచ్చినవాళ్లు పగలంతా మెషీన్ ముందు నిలబడి వచ్చినవాళ్లు. మాట సూటిగా లేకపోతే వాళ్లకు కునుకు పట్టేది. అందుకని నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను.

ఒక చోటు మనదని అనిపించడానికి అక్కడ పుట్టి ఉండటం చాలదు, ఆధార్ కార్డు మీద చిరునామా చాలదు, సొంతిల్లు కట్టుకున్నా చాలదు. అక్కడ మనల్ని చొరవగా ఏదైనా అడగగలిగినవాళ్లు ఉండాలి. మనమూ వాళ్లను అడగగలగాలి. ఈ అడగడం రెండువైపులా సాగినచోటే మనిషి కుదురుకుంటాడు. ఒకవైపే సాగితే అది వెట్టి. అసలు సాగకపోతే అది లాడ్జి. ఇక నేను చెప్పేదంతా ఈ నాలుగు ముక్కల వివరణే.

1. శామీర్‌పేట లెక్క

జీడిమెట్లకు తూర్పున, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న శామీర్‌పేటకు సామాజిక శాస్త్రంలో పెద్ద పేరుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన శ్యామాచరణ్ దూబే 1951-52లో తన బృందంతో ఆ ఊరిని పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అనే పుస్తకం తెచ్చారు. స్వతంత్ర భారతదేశంలో ఒకే గ్రామాన్ని అన్నివైపుల నుంచీ చూసి రాసిన తొలి పుస్తకాల్లో అదొకటి. కుటుంబ బంధాలకు అందులో ఒక అధ్యాయమే ఉంది.

ఊళ్లో ఒక మనిషి స్థాయిని ఆరు విషయాలు నిర్ణయిస్తాయని దూబే లెక్క తేల్చారు: మతమూ కులమూ, భూమి, సంపద, సర్కారు కొలువు లేదా ఊరి వ్యవస్థలో హోదా, వయసు, చివరగా ఆ మనిషి గుణగణాలు. ఈ ఆరింటినీ గుర్తుపెట్టుకోండి, జీడిమెట్ల దగ్గరి షాపూర్‌నగర్ బస్టాపులో మనకు మళ్లీ పనికొస్తాయి.

పాత తెలంగాణ ఊళ్లో అడిగే హక్కుకు కొదవ లేదు. నాగలి కర్రు కాల్చాలంటే కమ్మరిని అడగవచ్చు, పంట కళ్లానికొచ్చాక కమ్మరి తన వాటా అడగవచ్చు. చెరువు తూము దగ్గర నీరడి ఉంటాడు, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో అతనికి తెలుసు. పీర్ల పండుగకు హిందువుల ఇళ్ల నుంచీ ఊదు, మలీదా వెళ్లేవి. పోచమ్మ, మైసమ్మ కొలుపులంటే ఊరంతా కదిలేది. ఎవరి ఇంట పెళ్లయినా, చావైనా ఎవరెవరు ఏం చేయాలో ముందే తెలుసు. ఆ ఊళ్లో ‘నేనెవరిని?’ అన్న ప్రశ్న ఎవరికీ రాదు. జవాబు పుట్టకముందే సిద్ధంగా ఉండేది.

కానీ ఆ జవాబు అందరికీ సుఖమైంది కాదు. ఊరికి దూరంగా వాడ. బావి వేరు. దొర కబురంపితే పని ఆపేసి పోవాలి, కూలి అడగరాదు. వాడలో మనిషికీ ఊళ్లో చోటుంది, అయితే ఆ చోటు అతన్ని అడిగేవాళ్లకే తప్ప అతను అడగడానికి పనికొచ్చేది కాదు. 1946 నుంచి 1951 వరకు తెలంగాణ రైతాంగం సాయుధంగా పోరాడిందంటే భూమి ఒక్కదాని కోసమే కాదు, ఆ ఏకపక్షపు అడగడాన్ని ఆపడం కోసం కూడా. పాత పల్లెను తలుచుకుని ‘ఆ ఆప్యాయతలు ఇప్పుడేవీ’ అనేవాళ్లు ఊరి ఏ కొసన నిలబడి ఆ మాట అంటున్నారో ఒకసారి చూసుకోవాలి.

2. షాపూర్‌నగర్‌లో బస్సు దిగిన మనిషి

ఇప్పుడు జీడిమెట్ల వైపు, నర్సాపూర్ రోడ్డుకు వద్దాం. సోవియట్ సహకారంతో 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, ఆ తరువాత యంత్రాలు చేసే హెచ్‌ఎంటీ ఈ వైపు జనాన్ని తెచ్చాయి. ఆ కంపెనీలు ఉద్యోగంతోపాటు క్వార్టర్స్, బడి, ఆసుపత్రి, ఆటస్థలం ఇచ్చాయి. బెంగాలీ, తమిళుడు, గుంటూరు మనిషి, మెదక్ మనిషి ఒకే గేటులో నడిచారు. సమాజాన్ని అక్కడ యాజమాన్యమే సమకూర్చింది.

తరువాత వచ్చిన జీడిమెట్ల పారిశ్రామికవాడ తీరు వేరు. ఐడీపీఎల్‌లో పని నేర్చినవాళ్లు బయటికి వచ్చి మందుల కంపెనీలు పెట్టారు. అక్కడ ఉద్యోగం చేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన సంగతి మీకు తెలిసిందే. రసాయనాలు, ప్లాస్టిక్, ఫౌండ్రీ, ప్యాకింగ్ షెడ్లు వరసగా లేచాయి. ఆ షెడ్ల వ్యర్థజలాలను ఉమ్మడిగా శుద్ధి చేసే కేంద్రం 1989లో ఏర్పడింది. వ్యర్థజలాలకు ఉమ్మడి ఏర్పాటు దొరికింది గానీ మనుషులకు దొరకలేదు. కాంట్రాక్టు కార్మికుడికి క్వార్టర్ లేదు, కాలనీ లేదు. గది వెతుక్కోవడం అతని బాధ్యత, మనుషుల్ని వెతుక్కోవడమూ అతని బాధ్యతే.

దూబే చెప్పిన ఆరింటిలో ఎన్ని అతనితో బస్సు దిగుతాయి? భూమి పలాస దగ్గరో, నారాయణఖేడ్ దగ్గరో ఉండిపోతుంది. సంపద ఉంటే అసలు వచ్చేవాడే కాదు. ఊళ్లో హోదా ఊరి పొలిమేర దాటదు. వయసుకు అక్కడ దక్కే మన్నన ఇక్కడ సూపర్‌వైజర్ ముందు చెల్లదు. మిగిలేవి రెండు: కులం, గుణం. కులం మొదటి రోజే బయటపడుతుంది. గుణం బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాలంలోనే బస్తీ మనిషి బతుకు అటో ఇటో తేలుతుంది. కులాన్ని పట్టుకుంటే గది, పని, అప్పు త్వరగా దొరుకుతాయి. గుణం మీద నిలబడితే ఆలస్యమవుతుంది, కానీ అందరిలో కలుస్తాడు.

3. వరుసలు, చీటీలు, చావులు

ఆ ఆలస్యాన్ని తగ్గించే పద్ధతులు మన ఆడవాళ్లు కనిపెట్టారు. మొదటిది వరుస కలపడం. ట్యాంకర్ దగ్గర బిందెల వరుసలో నిలబడ్డ ఇద్దరు స్త్రీలు మూడో రోజుకు అక్కాచెల్లెళ్లో, వదినామరదళ్లో అవుతారు. ఇది ఉత్త మర్యాద కాదు. వదిన అన్న తరువాత ఆమె బిడ్డకు జ్వరమొస్తే ఆటో ఎక్కించాలి, సీమంతానికి గాజులు తొడగాలి, ఆమె మొగుడు తాగి కేకలేస్తే వెళ్లి నిలదీయాలి. పిల్లలు ఒక ఇంట్లో పిన్ని, బాబాయి అనీ, పక్కింట్లో చిన్నమ్మ, చిన్నాయన అనీ తడబడకుండా పిలుస్తారు. ఆ పిల్లలకు రెండు జిల్లాల చుట్టరికం ఒకే గల్లీలో దొరికింది.

రెండోది చీటీ. ఇరవై మంది కలిసి నెలనెలా డబ్బు వేసి, అవసరమైనవాడు పాట పాడుకునే ఈ ఏర్పాటులో కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే పాతవాళ్లలో ఒకరు ‘ఇతనికి నాది పూచీ’ అనాలి. పాట ఎత్తుకుని పారిపోతే ఆ పూచీ పడ్డ మనిషి మునుగుతాడు. ఓటరు కార్డు కన్నా ముందు ఈ బస్తీ ఒకణ్ణి తనవాడిగా ఒప్పుకున్న గుర్తు అదే. మహిళల పొదుపు సంఘాలు కూడా ఇదే నమ్మకం మీద నిలిచాయి. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు వెళ్లి గుమ్మం ముందు కూర్చుంటారు. ఆ కూర్చోవడం కోపంతోనే, కానీ పరాయివాళ్ల గుమ్మం ముందు ఎవరూ అలా కూర్చోరు.

మూడోది చావు. మొదటి తరం వలసజీవి చనిపోతే శవాన్ని సొంతూరికి తీసుకుపోవాలని కుటుంబం పట్టుబడుతుంది. శ్రీకాకుళం దాకా అంబులెన్సుకు అయ్యే ఖర్చు ఆ ఇంటిని ఏళ్ల తరబడి అప్పులో ఉంచుతుంది. ఏదో ఒక ఏడు, ఎవరో ఒక పెద్దావిడ విషయంలో ‘ఇక్కడే కానిద్దాం’ అనే మాట వస్తుంది. పాడె మోయడానికి నలుగురు, దినాల్లో వంటకు పదిమంది గల్లీలోనే ఉన్నారని తెలిసినప్పుడే ఆ మాట వస్తుంది. ఇల్లు రిజిస్ట్రేషన్ అయిన తేదీ కన్నా, ఆ కుటుంబం ఈ ఊరిది అయిన తేదీ అదేనని నా అభిప్రాయం.

4. కోడళ్ల వలస

వలస అనగానే అడ్డా మీద కూలీ కళ్లముందు మెదులుతాడు. 2011 జనగణన వేరే మాట చెబుతుంది. దేశంలో చోటు మారిన 45 కోట్ల పైచిలుకు మందిలో మూడింట రెండొంతులు స్త్రీలు, వాళ్లలో అత్యధికులు పెళ్లయి వెళ్లినవాళ్లు. అంటే ఈ దేశంలో అందరికన్నా పెద్ద వలసజీవి కోడలు.

ఆమెను పుట్టింట్లో ‘ఎప్పటికైనా ఒక అయ్య చేతికి పోయేదే’ అన్నారు, అత్తింట్లో ‘పరాయింటి పిల్ల’ అన్నారు. రెండు ఇళ్లూ ఆమెను పనులు అడిగాయి. రెండు ఇళ్లలోనూ ఆమె అడగడానికి లేదు. దక్షిణాదిన మేనరికం ఈ దూరాన్ని కొంత తగ్గించింది, అత్తమ్మ అంతకుముందే మేనత్త కాబట్టి. అయినా ఆస్తి దగ్గరకు వచ్చేసరికి తగ్గలేదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతోనే వాటా ఇచ్చిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది.

చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, మేడ్చల్ చుట్టుపక్కల ఎకరం ధర కోట్లకు చేరాక జరుగుతున్నదేమిటి? ప్లాట్లు వేసే ముందు ఆడబిడ్డను పండుగకు పిలిచి, చీర పెట్టి, హక్కు విడుదల పత్రం మీద సంతకం అడుగుతారు. సంతకం పెడితే పుట్టిల్లు ఉంటుంది, పెట్టకపోతే తలుపు మూసుకుంటుంది. కుటుంబం ప్రేమను వాడి హక్కును కొనే సందర్భం ఇది. అడగనంతకాలమే నువ్వు మా మనిషివి అనే ఇల్లు ఆమెను ఎన్నడూ తన మనిషిగా లెక్కించలేదు.

5. ‘మీరేమిట్లు?’

అద్దె ఇంటికి వెళ్లినప్పుడు కులం ఆరా తీస్తూ ఎదురయ్యే ఈ ప్రశ్న మర్యాదగానే ఉంటుంది. జవాబు నచ్చకపోతే ‘గది నిన్ననే ఇచ్చేశామండి’ అనే మాటా మర్యాదగానే వస్తుంది. మనవాళ్లను దగ్గరకు తీసుకునే చేయి, ఇంకొకరిని ఆపే చేయి ఒకటే. కుల సంఘం హాస్టల్ ఎంతోమంది పేదపిల్లల్ని చదివించింది, అది కాదనలేం. ఆ సంఘమే పెళ్లి దగ్గర గోడ అవుతుంది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే ఆసుపత్రి ముందు ఒక దళిత యువకుణ్ణి చంపించింది బయటి శత్రువు కాదు. ఆమె కన్నతండ్రి ఆ హత్యకు కిరాయి మాట్లాడాడు. కూతురు తనదే అన్న భావన అతనిలో లోపించలేదు. ఆమెకు తనను అడిగే, కాదనే హక్కు ఉందన్న ఎరుక లోపించింది.

అందుకే కుటుంబ బంధం, సమాజ బంధం బలపడాలని ఊరికే అనడానికి నేను ఒప్పుకోను. ఏ దిక్కుగా బలపడాలో కూడా చెప్పాలి.

6. 2020లో తెలిసినవి

2019 ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ కార్డు పోర్టబిలిటీ మొదలైంది. శ్రీకాకుళం కార్డుతో జీడిమెట్లలో బియ్యం తీసుకోవచ్చు. మనిషికి దక్కవలసింది అతని వెంటే నడవాలన్న ఆలోచన మంచిది. ఏడాది తిరగకముందే లాక్‌డౌన్ వచ్చింది. కార్డు లేని వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అయినా మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద మూటలతో మనుషులు నడుస్తూనే ఉన్నారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో వెళ్లిన రైలు, దేశంలో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి రైలు. 

బియ్యం ఇస్తామన్నా ఎందుకు వెళ్లారు? ఆకలి ఒక్కటే కారణమైతే కొందరైనా ఆగేవారు. జబ్బు చేస్తే ఎవరిని పిలవాలో, చస్తే ఎవరు మోస్తారో తెలియని చోట ఉండలేక వెళ్లారు. దారిలో అన్నం, నీళ్లు, చెప్పులు ఇచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఏళ్లుగా మన మధ్య గదుల్లో ఉన్న మనిషిని మనం మొదటిసారి పలకరించింది అతను వెళ్లిపోతున్నప్పుడు.

అదే ఏడాది అక్టోబరు వానలకు జీడిమెట్ల చెరువు, మనం ఫాక్స్ సాగర్ అనేది, నిండింది. కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ వారాలపాటు నీళ్లలో ఉంది. అక్కడ ఇళ్లు కొన్నవాళ్లకు పత్రాలున్నాయి, బ్యాంకు అప్పులున్నాయి. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే నీరడి మాత్రం లేడు. ఉన్న ముసలివాళ్లను ఎవరూ అడగలేదు. స్థానికులకు కొత్తవాళ్లంటే భూమి కొనేవాళ్లు; కొత్తవాళ్లకు స్థానికులంటే అమ్మేవాళ్లు. బేరం తప్ప వేరే మాట సాగని చోట ఊరి జ్ఞాపకం చేతులు మారదు.

7. చేయవలసినవి

చేయగలిగినవే చెబుతాను. కాలనీ సంఘాల్లో అద్దెకున్నవాళ్లకూ సభ్యత్వం, ఓటు ఇవ్వండి; నీటి బిల్లులో వాటా అడుగుతున్నప్పుడు నిర్ణయంలో వాటా ఎందుకివ్వరు? బస్తీలో ఎవరు చనిపోయినా, ఏ రాష్ట్రంవారైనా, మొదటి రోజు ఖర్చుకు ఒక ఉమ్మడి నిధి పెట్టండి. చెరువు పూర్తిగా నిండినప్పటి హద్దు, నాలా పారే దారి పాతవాళ్లతో చెప్పించి కమ్యూనిటీ హాల్ గోడ మీద గీయించండి. గది అద్దెకిచ్చేటప్పుడు పని, పూచీ అడగండి, కులం అడగకండి. ఆడబిడ్డను పండుగకు పిలిస్తే పండుగకే పిలవండి, సంతకానికి కాదు.

ఇంకొకటి. ఆషాఢం వస్తే బోనాల చందా పుస్తకం పట్టుకుని తిరుగుతారు. ఒడియా కుటుంబం, బిహారీ కుర్రాళ్లు ఉన్న గదులను ‘వాళ్లేమిస్తారులే’ అని దాటి వెళ్తారు. దాటకండి, అడగండి. పదిరూపాయలిచ్చినా పేరు రాయండి. తరువాత కమిటీ ఖర్చుల లెక్క చెప్పే రోజున వాళ్లనూ పిలిచి, ఆ లెక్కలో తప్పుంటే లేచి అడగనివ్వండి. మీ గల్లీలో ఇప్పటివరకు ఏమీ అడగని, ఎవరూ ఏమీ అడగని ఇళ్లు ఎన్నో ముందు లెక్కపెట్టండి. పని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.