నలుగురు సభ్యుల పార్టీ

(తొర్రూరులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత వేసవి సెలవులలో మన పిల్లల చేత ఒక ఆట ఆడించాము. ఎక్కడా లేని ఒక దేశం, దానికొక పార్లమెంటు. మొత్తం 40 స్థానాలు. పాలక పక్షానికి 23, ప్రధాన ప్రతిపక్షానికి 13, పేదల పక్షం వహించే ఒక చిన్న సోషలిస్టు పార్టీకి 4. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీలు తీసి నిర్ణయించాము. మంత్రి పదవులు దక్కిన పిల్లల సంతోషం చెప్పనలవి కాదు. సోషలిస్టు చీటీ వచ్చిన నలుగురిలో ఒక బాలిక మాత్రం మా వద్దకు వచ్చి, "చాచా, ఎప్పుడూ ఓడిపోయే పార్టీ మాకెందుకు?" అని అడిగింది. ఆ చీటీతో తమ చీటీ మార్చుకొనడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. ఈ రోజు మేము మాట్లాడదలచినది ఆ నలుగురిని గురించే.

కేంద్ర ప్రభుత్వం 1966 ప్రాంతం నుండి పాఠశాలలలో యువ పార్లమెంటు పోటీలు నడుపుతూనే ఉన్నది. మంచి పనే. కాని అటువంటి వేదికల మీద తరచుగా ముందే వ్రాసి ఇచ్చిన మాటలను అప్పజెప్పడమే జరుగుతుంది. మా ఆటలో వ్రాసి ఇచ్చినదేమీ లేదు. సభా నియమాలు నేర్పాము, ఓట్లు నిజంగా లెక్కించాము.

మొదటి రోజే ఒక పిల్లవాడు గట్టి ప్రశ్న వేశాడు. దేశంలో పేదలే ఎక్కువ కదా, పేదల పార్టీకి నలుగురే ఎందుకున్నారని. ఆ పిల్లవానికి 1952 నాటి తొలి సాధారణ ఎన్నికల లెక్క చెప్పాము. అప్పుడు సోషలిస్టు పార్టీకి దేశం మొత్తం మీద నూటికి పది ఓట్లకు పైగా వచ్చినా, లోక్‌సభలో దక్కినవి 12 స్థానాలే. కమ్యూనిస్టు పార్టీకి వచ్చిన ఓట్లు నూటికి మూడు చిల్లర, స్థానాలు 16. ఒకరి ఓట్లు దేశమంతటా చెదిరిపోయినవి, ఇంకొకరివి కొన్ని ప్రాంతాలలో గుమిగూడినవి. మన హైదరాబాదు రాష్ట్రం నుండి పి.డి.ఎఫ్. పక్షాన ఏడుగురు లోక్‌సభకు వెళ్ళారు. వారిలో మన వరంగల్లు సభ్యుడు పెండ్యాల రాఘవరావు ఒకరు. మఖ్దూం మొహియుద్దీన్ ఆ సంవత్సరమే హుజూర్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. వార్డుల వారీగా మన ఓట్లు ఎక్కడెక్కడ చెదిరి ఉన్నాయో ఎరిగిన పెద్దలకు ఈ లెక్కను ఇంకా విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక నలుగురు ఏమి చేయగలరు? ప్రశ్న అడగగలరు. ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాల పాటు ఫైళ్ళు మోసినవారం కనుక ఈ మాట అనుభవం మీద చెబుతున్నాము. ఆరు నెలలు కదలని కాగితం మీద ఎల్.ఎ.క్యూ. అన్న ఎర్ర అక్షరాలు పడితే, అంటే శాసనసభలో ప్రశ్న వచ్చిందని తెలిస్తే, ఆ రాత్రి కార్యాలయంలో దీపాలు ఆరేవి కావు. మండలాలకు ఫోన్లు, పట్టికలు, సంతకాలు. అడిగిన సభ్యునిది పెద్ద పార్టీయా, ఒక్కడే ఉన్న పార్టీయా అని ఏ గుమస్తా చూడడు. జవాబు పోవలసిన తేదీనే చూస్తాడు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్న సంగతి కూడా 2022 డిసెంబరులో లోక్‌సభలో ఒక సభ్యుని ప్రశ్నకు ఇచ్చిన జవాబులోనే దేశానికి తెలిసింది. ఆ ప్రశ్న లేకుంటే మన పరిశోధక విద్యార్థులు ప్రకటన కోసం ఇంకెన్నాళ్ళు ఎదురుచూసేవారో!

మన పిల్లల సభకు వస్తాము. పాలక పక్షం ఉపకార వేతనాల బిల్లు తెచ్చింది. ఆదాయ ధ్రువపత్రం జతచేయని దరఖాస్తు చెల్లదని అందులో ఒక నిబంధన. ప్రధాన ప్రతిపక్షం లేచి పెద్ద కేకలు వేసి బయటికి నడిచింది. నలుగురూ నడవలేదు. చీటీ చూసి దిగులు పడిన ఆ బాలికే లేచి, "ధ్రువపత్రం ఇవ్వవలసినది ప్రభుత్వమే. ప్రభుత్వం ఆలస్యం చేస్తే విద్యార్థి దరఖాస్తు ఎందుకు చెల్లకూడదు?" అని మంత్రిని అడిగింది. మంత్రిగా కూర్చున్న పిల్లవాడు నీళ్ళు నమిలాడు. ధ్రువపత్రానికి అర్జీ పెట్టుకొన్న రసీదు జతచేస్తే చాలునని నలుగురూ ఒక సవరణ ఇచ్చారు. ఓటింగు కోరారు. పాలక పక్షంలో ఆరుగురు సవరణకు చేతులెత్తినా, 17 మంది వ్యతిరేకించగా ఓడిపోయింది. అయితే మరునాడు ఆ మంత్రే అదే సవరణను తన పేరుతో తెచ్చుకొన్నాడు. పిల్లలైనా రాజకీయం ఎంత త్వరగా నేర్చుకొంటారో చూడండి! నలుగురూ కొంత అలిగారు. పనైంది కదా అని సర్దిచెప్పాము.

వారికి లోహియా కథ కూడా చెప్పాము. 1963 ఆగస్టులో కృపలానీ తొలి అవిశ్వాస తీర్మానం తెచ్చినప్పుడు, ఉప ఎన్నికలో గెలిచి కొత్తగా సభకు వచ్చిన ఆ సోషలిస్టు నాయకుడు దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బ్రతుకుతున్నారన్నాడు. నెహ్రూ పదిహేనణాలన్నారు. తీర్మానం 347–62తో వీగిపోయింది. కాని పేదవాని రోజువారీ ఖర్చు ఎంత అన్న లెక్క మాత్రం దేశానికి చర్చనీయాంశమైంది.

ఇంకొక సంగతి మనవారు తప్పక ఎరిగి ఉండవలసినది. మంత్రి కాని సభ్యుడు ప్రవేశపెట్టగా పార్లమెంటు ఆమోదించిన బిల్లులు ఇప్పటికి 14 మాత్రమే. వాటిలో మొట్టమొదటిది సయ్యద్ మొహమ్మద్ అహ్మద్ కాజ్మీ తెచ్చిన ముస్లిం వక్ఫుల బిల్లు. 1954లో చట్టమైంది. 1970 తరువాత అటువంటి బిల్లు మరొకటి నెగ్గలేదు. నెగ్గకపోయినా సభ్యులు శుక్రవారాలలో ప్రవేశపెడుతూనే ఉన్నారు.

దసరా సెలవులలో ఆట మళ్ళీ ఉంటుంది. ఈసారి పురపాలక సంఘం బడ్జెటు మీద చర్చ. ఎనిమిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు ఎవరైనా రావచ్చును. ఆడపిల్లలను సాయంత్రం మగ్రిబ్ లోపు ఇంటికి చేర్చే బాధ్యత మాది. పేర్లు జుమా నమాజు తరువాత మా వద్ద వ్రాయించండి. చీటీలు మాత్రం అందరి ముందే తీస్తాము. ఆ బాలిక ఇప్పటికే వచ్చి, ఈసారి చీటీ తీయకుండా ఆ నలుగురిలోనే తనకు చోటు ఇవ్వమని అడిగింది. నియమం నియమమే అన్నాము.