తొమ్మిదో తరగతికే కాలేజీ సీటు

(సాంస్కృతికోత్సవం సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల గోష్ఠిలో షుఐబా కుటుంబాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాటల పోటీకీ నాటికకూ మధ్య మాకు పావుగంట ఇచ్చారు. ఇంత సరదా కార్యక్రమంలో చదువుల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ హాలులో కూర్చున్న ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ ఏడాది అంతకన్న పెద్ద గొడవ లేదని మాకు తెలుసు.

సంగతి ఇది. పిల్ల ఎనిమిది దాటకముందే ఫహాహీల్ ఇంటికో, మంగాఫ్ ఇంటికో విజయవాడనుంచి, హైదరాబాదునుంచి ఫోన్లు వస్తాయి. మాట్లాడేవారిని పి.ఆర్.ఓ. అంటారు. ఎంతో మర్యాదగా మాట్లాడతారు. "అన్నగారూ, మీ అమ్మాయి టాలెంట్ టెస్టులో మంచి మార్కులు తెచ్చుకుంది. ఇంటర్ సీటు ఇప్పుడే ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ. నెలాఖరు దాటితే మా చేతిలో ఉండదు" అంటారు. అమ్మాయి ఇంకా బీజగణితంలో కుస్తీ పడుతూనే ఉంటుంది. ఆమె డాక్టరో ఇంజనీరో అప్పుడే నిశ్చయమైపోతుంది. అడ్వాన్సు వెళ్ళిపోతుంది. రసీదు వాట్సాప్‌లో వస్తుంది, అదీ అడిగితేనే!

మన పెద్దలు ఈ దేశానికి ఎలా వచ్చారో ఒకసారి తలచుకోండి. రాజంపేటనుంచి, రాయచోటినుంచి, గోదావరి జిల్లాలనుంచి ఏజెంటు మాట నమ్మి బయలుదేరినవారు ఎందరో. ఏజెంటు చెప్పిన జీతం వేరు, దిగాక అగ్రిమెంటులో ఉన్న జీతం వేరు. 1968లో మొదలై 2017లో మూతపడిన షుఐబా రిఫైనరీ చుట్టూ, పోర్టు చుట్టూ కాంట్రాక్టు పనుల్లో బతుకులు గడిపినవారికి మాటకూ కాగితానికీ ఉన్న దూరం ఎవరూ నేర్పనక్కరలేదు. తమ వీసా కాగితాన్ని పదిమందికి చూపించుకుని గాని సంతకం చెయ్యని మనిషి, కొడుకు కాలేజీ కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెడతాడు. ఇది మాకు ఎప్పటికీ విచిత్రంగానే ఉంటుంది.

అయితే తొందరపడే తల్లిదండ్రులందరినీ తెలివితక్కువవారని అనటానికి వీలులేదు. ఆ తొందరకు చట్టంలోనే ఒక కారణం ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్ర దేశంలో కాలేజీ సీట్లలో నూటికి 85 స్థానికులవి. స్థానికుడంటే సాధారణంగా అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసే నాలుగేళ్ళు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవాడు. లెక్క వేసి చూడండి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అంటే తాతగారి ఊరు కడప జిల్లాలో ఉన్నా, ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడకపోయినా, మన పిల్లవాడు ఎనిమిది పూర్తికాగానే అక్కడికి వెళ్ళి చేరకపోతే ఆ కొలతలో స్థానికుడు కాలేడు. తెలంగాణ ప్రభుత్వం 2024లో వైద్య విద్య ప్రవేశాలకు తొమ్మిదినుంచి పన్నెండు వరకు రాష్ట్రంలోనే చదివి ఉండాలని నిబంధన తెచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గల్ఫ్‌లో ఉన్నవారి కోసం తలుపు తెరిచి ఉంచాలన్న ఆలోచన ఆ నిబంధనలో మాకు కనిపించలేదు. కాబట్టి పి.ఆర్.ఓ. ఫోను చెయ్యకపోయినా పిల్లకు పదమూడో ఏడు వచ్చేసరికి ఈ ప్రశ్న ఎలాగూ మన గుమ్మంలోకి వస్తుంది.

ఇటువైపు మరొక తలుపు ఉంది. దాని సంగతి ఏ పి.ఆర్.ఓ. చెప్పడు. ఎన్.ఐ.టి.లు మొదలైన కేంద్ర సంస్థలలో విదేశాల్లో ఉన్న పిల్లలకు డాసా అనే పథకం ఉంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేకంగా కొన్ని సీట్లు. వాటిని సి.ఐ.డబ్ల్యు.జి. అంటారు. ఆ సీట్లలో చేరినవారికి ట్యూషన్ ఫీజు స్వదేశంలోని విద్యార్థులతో సమానం, డాలర్ల లెక్క కాదు. 2021నుంచి ప్రవేశం జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు మీదే. చాలా ఏళ్ళపాటు ఈ పథకంలో పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే చదివి ఉండాలన్న షరతు నడిచింది. అంటే స్థానికత కోసం తొమ్మిదిలో పంపితే ఈ తలుపు మూసుకోవచ్చు, దీనికోసం ఇక్కడే ఉంచితే స్థానికత పోతుంది. రెండు పడవలమీద కాళ్ళు పెట్టటం కుదరదు. పథకం బ్రోచరు ఏటా కొత్తగా వస్తుంది. మీ పిల్ల చేరబోయే ఏటికి దగ్గరగా ఉన్న బ్రోచరు చదవనిదే బస్తాలు సర్దవద్దని మా మనవి.

ప్రైవేటు కాలేజీలలో ప్రవాసుల కోటా మాట అందరూ ఎరిగినదే. 2005లో ఇనాందారు కేసులో సుప్రీంకోర్టు దాన్ని 15 శాతానికి మించకుండా ఉంచింది. అది డబ్బున్నవారి తలుపు. దాని గురించి ఇక్కడ చర్చ అనవసరం. నీట్ పరీక్ష మాత్రం 2021లో మొదటిసారి కువైట్‌లో జరిగింది. అంతకు ముందు మన పిల్లలు పరీక్ష రాయటానికే విమానం ఎక్కవలసి వచ్చేది.

ఈ ముందస్తు బేరం మన తెలుగువారి ఒక్కరి జబ్బు కాదు. మనలో చాలామందికి బంధువులు అమెరికాలో ఉన్నారు. అక్కడ లాక్రాస్ అని ఒక ఆట, వల కట్టిన కర్రలతో బంతిని పట్టి విసిరే ఆట, ఆదినుంచి అక్కడి ఆదివాసులది. కాలేజీ కోచ్‌లు ఆ ఆటలో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలనే ఎంచుకుని, నాలుగేళ్ళ తరువాతి సీటుకు వారి చేత నోటిమాట ఇప్పించుకునేవారు. ఆ మాట ఏ పక్షాన్నీ కట్టివేయదు. పిల్లవాడు పొడుగెదగకపోతే కోచ్ తప్పుకోవచ్చు, కోచే మరో కాలేజీకి పోవచ్చు. ఇంటిల్లిపాది మాత్రం ఆ మాటను నమ్ముకుని శెలవులన్నీ ఆటల శిబిరాలకే ధారపోసేవారు. చివరికి కోచ్‌ల సంఘాలే విసిగి ఇది ఆపమని అడిగాయి. 2017 ఏప్రిల్‌లో అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్.సి.ఎ.ఎ. మొదటి శ్రేణి కాలేజీలకు నియమం పెట్టింది. పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు లాక్రాస్ కోచ్‌లు పిల్లలతో చేరిక సంగతి మాట్లాడరాదు. ఎంపిక చేసేవారే మా చేతులు కట్టండని అడగటం మాకు ముచ్చటగా తోచింది. మన కాలేజీల యాజమాన్యాలు అలా అడిగే రోజు కోసం ఎదురుచూస్తున్నాము. ఎదురుచూడటానికి ఖర్చు లేదు కదా!

ఇక్కడా నియమాలు లేకపోలేదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ళు నిండనివారిని చేర్చుకోరాదు, పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలి, ర్యాంకు ఖాయమని చెప్పరాదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టలు ఫీజుతో సహా పదిరోజుల్లో తిరిగి ఇవ్వాలి. షెడ్యూలు ప్రకటించకముందు ప్రవేశాలు జరపరాదని తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు కూడా పలుమార్లు హెచ్చరించింది. అడిగితే "మాది కోచింగు సెంటరు కాదండీ, జూనియర్ కాలేజీ" అంటారు. బోర్డు మాట ఎత్తితే "ఇది అడ్మిషను కాదండీ, రిజర్వేషను" అంటారు. మాటలకు కొదవ లేదు.

మాలో ఒక కుటుంబం తొమ్మిదిలోనే ఎం.పి.సి.కి అడ్వాన్సు కట్టింది. పది ముగిసేనాటికి పిల్లవాడు కామర్సు చదువుతానన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వము, తమ్ముడుంటే అతని సీటుకు జమ కడతాము అన్నారు. తమ్ముడు అప్పటికి నాలుగో తరగతి. ఆ ఇంట్లో డబ్బు నష్టం కన్న పెద్దది, మూడు నెలలు తండ్రీ కొడుకులు మాట్లాడుకోకపోవటం. "నీ కోసమే కట్టాను" అని ఆయన. "నన్ను అడిగి కట్టారా?" అని అతను. ఇద్దరి మాటలూ నిజమే. తల్లి మధ్యలో నలిగింది.

అకామా సంగతి కూడా మరచిపోతున్నారు. డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలు ఆరు నెలలు మించి కువైట్ బయట ఉంటే అది పోతుంది. హాస్టలువారు శెలవులిచ్చేది వారి పరీక్షలను బట్టి గాని మన అకామాను బట్టి కాదు. చేర్చే ముందే ఏ నెలలో పంపుతారో కాగితం మీద రాయించుకోవాలి. ఒకసారి అకామా పోతే వేసవిలో అమ్మను చూడటానికి వచ్చే పిల్ల మళ్ళీ వీసా కోసం నిలబడాలి.

పంపవద్దని మేము అనటం లేదు. మాలో పంపినవారూ ఉన్నారు, ఉంచినవారూ ఉన్నారు. రెండు రకాల పిల్లలూ బాగుపడ్డారు, రెండు రకాల పిల్లలూ ఏడ్చారు. మేము కోరేది ఒక్కటే. నిర్ణయం నెలాఖరు రాయితీని బట్టి కాక మీ ఇంటి లెక్కను బట్టి జరగాలి. పిల్ల స్థానికురాలు కావటం మీకు ఎంత అవసరం? ఏ కోర్సు? మీ ఉద్యోగం ఇక్కడ ఇంకా ఎన్నేళ్ళు? పిల్ల ఏమంటోంది? ఈ నాలుగూ ముందు ఇంట్లో మాట్లాడుకోండి. ఆ తరువాతనే ఫోను ఎత్తండి.

మా షుఐబా కుటుంబాలవారము ఒక ఫైలు పెట్టాము. ఈ ఏటి డాసా బ్రోచరు, స్థానికత ఉత్తర్వు, 2024 మార్గదర్శకాలు, మాలో కొందరు సంతకం చేసిన ఫారాల నకళ్ళు (పేర్లు చెరిపి) అందులో ఉన్నాయి. సంతకం పెట్టేముందు మీ ఫారం కూడా తీసుకురండి, కలిసి చదువుదాము. ప్రతి శుక్రవారం సాయంత్రం అయిదునుంచి మాలో ఇద్దరైనా ఇంటి దగ్గరే ఉంటాము. పిల్లలను కూడా వెంట తీసుకురండి.