ఇంటి కరెంటు – మన పొడి నేల

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మంత్రాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఇక్కడున్నారు. కార్యదర్శిగారు నన్ను ఇంటి కరెంటు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఎలక్ట్రీషియన్‌ను కాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయితే మనలో చాలామంది గ్రాట్యుటీ డబ్బుతో, కమ్యుటేషన్ డబ్బుతో ఇల్లు కట్టుకున్నవాళ్లం. ఆ ఇళ్ల వైరింగుకు ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్లు దాటాయి. పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉన్నారు. రాత్రిపూట లైట్లు ఆరిపోతే ఇంట్లో మిగిలేది ముసలి దంపతులిద్దరే. అందుకే ఈ విషయం మనది.

మొదట, లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి. మనకు బాగా తెలిసిన పనే ఇది. ఫైలు కదలకపోతే ఏం చేసేవాళ్లం? ఏ సీటు దగ్గర ఆగిందో వరుసగా విచారించేవాళ్లం. కరెంటూ అంతే. ట్రాన్స్‌ఫార్మరు నుంచి స్తంభానికి, స్తంభం నుంచి సర్వీసు వైరు మీదుగా మీటరుకు, మీటరు నుంచి మెయిన్‌కు, అక్కడి నుంచి గదికి, స్విచ్చికి, చివరకు బల్బుకు వస్తుంది. కనుక మొదట పక్కింట్లో ఉందో లేదో చూడండి. వీధంతా లేకపోతే మనం చేయవలసిందేమీ లేదు, 1912కు ఫోను చేయడమే. మనం ఉద్యోగాల్లో ఉన్ననాటి విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడి 1999లో విడిపోయింది. 2014 నుంచి మన కర్నూలు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కింద ఉంది. మీటరు దాకా వాళ్ల బాధ్యత, మీటరు తర్వాత మనది.

పక్కింట్లో ఉండి మనకు లేకపోతే మెయిన్ దగ్గర చూడాలి. ఒక గదిలోనే లేకపోతే ఆ గది ఎం.సి.బి. పడిందా అని చూడాలి. ఒక్క లైటే వెలగకపోతే లోపం బల్బులోనో, హోల్డరులోనో, స్విచ్చిలోనో ఉంటుంది. వెలిగే బల్బును తెచ్చి అక్కడ పెట్టి చూస్తే సగం సంగతి తేలిపోతుంది. బల్బు మార్చేముందు స్విచ్చి ఆపితే చాలదు, ఎం.సి.బి. కూడా కిందికి దించాలి. పాత వైరింగుల్లో స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగలో పెట్టినవి కొన్ని ఉంటాయి. అలాంటిచోట స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. స్విచ్చి ఆపిన తర్వాత కూడా ఎల్.ఇ.డి. బల్బు మిణుకుమిణుకుమంటుంటే అందుకు ఒక కారణం ఇదే కావచ్చు. ఒక్కోసారి స్విచ్చిలోని చిన్న ఇండికేటరు లైటు వల్ల కూడా అలా జరుగుతుంది. ఏదైందీ ఎలక్ట్రీషియన్ చూసి చెబుతాడు.

చిన్నవాటిని త్వరగా చెబుతాను. ఫ్యాను తిరుగుతున్నా గాలి తగలకపోతే చాలాసార్లు కండెన్సరు బలహీనపడి ఉంటుంది, మారిస్తే సరిపోతుంది. పాత ట్యూబులైటు కొట్టుకుంటుంటే ముందు స్టార్టరు, తర్వాత ట్యూబు, ఆ తర్వాత చోకు మార్చి చూడాలి. ప్లగ్గు వేడెక్కుతున్నా, స్విచ్చి బోర్డు దగ్గర కాలిన వాసన వస్తున్నా, స్విచ్చి వేస్తే చిటపటమన్నా లోపల తీగ వదులైందని గుర్తు. దాన్ని రేపటికి వాయిదా వేయకూడదు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ కట్టడం ఆడిట్ అభ్యంతరం రాసిన కాగితాన్ని చించేసినట్టే. కాగితం పోతుంది కానీ లోపం పోదు.

ఇక రెండు ప్రమాద సంకేతాలు. ఇంట్లో కొన్ని లైట్లు విపరీతంగా వెలిగి, కొన్ని మసకబారితే వెంటనే మెయిన్ ఆపండి. బయట న్యూట్రల్ తెగి ఉండవచ్చు. అప్పుడు 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు. టి.వి., ఫ్రిజ్ కాలిపోయేది ఇలాంటప్పుడే. అలాగే, ఏదీ పనిచేయకపోయినా ప్లగ్గు రంధ్రాలు రెండింటిలోనూ టెస్టరు వెలుగుతుంటే, కరెంటు లేదని చెయ్యి పెట్టకండి. అదీ న్యూట్రల్ తెగిన లక్షణమే. ఇన్వర్టరు ఉన్న ఇళ్లవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైనులో కరెంటు ఉంటుంది. దాన్ని విడిగా ఆపాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. మన ఇంటి ఎర్తు గురించి.

ప్లగ్గుకు మూడు కాళ్లుంటాయి. పైనున్న లావుపాటి పొడుగు కాలు ఎర్తుది. అది మిగిలినవాటికంటే ముందు తగలాలనే దాన్ని పొడుగ్గా చేశారు. కూలరులోనో, గ్రైండరులోనో తీగ ఇనుప ఒంటికి తగిలితే ఆ కరెంటు ఆకుపచ్చ తీగ గుండా పెరట్లోని ఎర్తు గుంతలోకి పోవాలి. గుంతలో ఇనుప గొట్టమో రేకో పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. మట్టి తనంతట తాను కరెంటును మోయదు, మట్టిలోని తడి, ఆ తడిలో కరిగిన లవణాలు మోస్తాయి. తుంగభద్ర మన ఊరి పక్కనే పారుతున్నా, నాలుగు వీధులు దాటితే నేల బండబారి ఉంటుంది. నల్లరేగడి చేలు ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు వారతాయి. అంటే మనకు కూలరు కావలసిన చైత్ర వైశాఖాల్లోనే మన ఎర్తు గుంత ఎండిపోతుంది.

ఎండిపోతే ఏమవుతుందో చిన్న లెక్క చూద్దాం. గుంత నిరోధం 50 ఓములు అయిందనుకోండి. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. మన ఎం.సి.బి. 16 ఆంపియర్లది. అది పడదు, ఫ్యూజూ పోదు. కూలరు మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. దాని ఒంటి మీద మాత్రం దాదాపు పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, తడి చేత్తో కూలరులో నీళ్లు పోసేది ఎవరు? చాలా ఇళ్లలో మన ఇల్లాలే. మా వీధిలో ఒక వేసవిలో ఇలాగే ఒకామె కూలరు ముట్టుకుని ఎగిరిపడింది. స్విచ్చి దగ్గర్లో మనిషి ఉండబట్టి బతికింది. తర్వాత చూస్తే తీగలన్నీ సరిగానే ఉన్నాయి, ఎర్తు గుంత మాత్రం ఎండి పొడిగా ఉంది.

దీనికి మందు రెండు విధాలు. ఒకటి, ఖర్చు లేనిది. ఎండాకాలమంతా వారానికి రెండుసార్లు ఎర్తు గుంతలో ఒక బిందె నీళ్లు పోయండి. గుంత ఎక్కడుందో తెలియనివాళ్లు ఈ రోజే వెతకండి. పైన బండలు పరిచి మూసేసిన ఇళ్లు ఉన్నాయి. కొందరు పూర్వం నీళ్ల ఇనుప గొట్టానికి ఎర్తు తీగ చుట్టేవారు. ఆ గొట్టం తీసి ప్లాస్టిక్ పైపు వేసిననాడే ఆ ఎర్తు పోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మీటరుతో ఎర్తు నిరోధం కొలిపించి, అంకె రాయించుకోండి.

రెండవది, ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి. ఇది 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకోవాలి. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఇది లెక్క చూస్తూ ఉంటుంది. మన నగదు పుస్తకంలో జమా ఖర్చులు సరిచూసినట్టు. 0.03 ఆంపియరు తేడా వస్తే చాలు, కనురెప్ప పాటులో ఆపేస్తుంది. ఎం.సి.బి. 16 ఆంపియర్లు దాటితే గానీ కదలదని ఇందాక చూశాం. కనుక పొడి నేల మీద బతికే మనకు ఇది విలాసం కాదు. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది. నెలకొకసారి, పెన్షను పడిన రోజున, అది నొక్కి చూడండి. పడకపోతే మార్పించండి. అయితే ఒక మాట. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకుంటే ఇది కాపాడలేదు. ఇది ఉంది కదా అని ఎర్తును వదిలేయకూడదు.

ఇది మాటిమాటికీ పడుతుంటే దాన్ని తిట్టుకుని తీసేయించకండి. ఎం.సి.బి.లన్నీ దించి, దీన్ని ఎత్తి, తర్వాత ఒక్కొక్కటే ఎత్తుతూ పోండి. ఏది ఎత్తగానే పడిందో లోపం ఆ లైనులో ఉంది. ఆ లైనులోని ప్లగ్గులు తీసి మళ్లీ చూస్తే ఏ వస్తువో తెలుస్తుంది. అక్కడితో మన పని అయిపోయింది, మిగతాది ఎలక్ట్రీషియన్‌ది.

2009 అక్టోబరులో తుంగభద్ర మన ఇళ్లలోకి వచ్చిన సంగతి మీరెవరూ మరిచిపోలేదు. అలా నీళ్లు ఎక్కిన బోర్డులను, పైకి ఆరినట్టు కనిపించినా, ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా వేయకూడదు. ఇంటి ముందు బట్టలు ఆరేసే ఇనుప తీగను సర్వీసు వైరు దగ్గర కట్టకండి. నైలాను తాడు కట్టండి. కూలరులో నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకేయండి. ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే ఎండు కట్టెతో విడదీసి, 108కి ఫోను చేయండి. ఈ వయసులో స్టూలు ఎక్కే పని మాత్రం ఎంత చిన్నదైనా మనది కాదు.

ఏటా మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ నెలలోనే ఇంటి వైరింగుకూ ఒక సర్టిఫికెట్ రాయించుకోండి. ఒక పాత నోటుపుస్తకంలో ఎర్తు అంకె, ఆర్.సి.సి.బి. పరీక్షించిన తేదీ, ఏ ఎం.సి.బి. ఏ గదిదో రాసి మెయిన్ పక్కన తగిలించండి. మనం ఊళ్లో లేని రాత్రి ఇంట్లోవాళ్లు చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాలతో రాయండి.