1600 మీటర్ల పరుగు, కాలెముక నొప్పి

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో అసలు గండం 1600 మీటర్ల పరుగు. పురుషులకు గడువు 8 నిమిషాలు. నోటిఫికేషన్ రాగానే మచిలీపట్నం, గుడివాడ యువత మైదానాలకు, దివిసీమ యువత కరకట్టల మీదికి పరుగు తీస్తుంది. చిక్కంతా ఆ తొందరలోనే ఉంది.

గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముక అంత త్వరగా గట్టిపడదు. ఆయాసం తగ్గిందని దూరం ఒక్కసారిగా పెంచితే మోకాలి కింద, ముందెముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పితోనే పరుగెత్తితే ఎముకలో సన్నని పగులు రావచ్చు. నెలల తయారీ అక్కడితో ఆగిపోతుంది.

డెన్మార్క్ పరిశోధకులు ఐదు వేలమందికి పైగా రన్నర్లను గమనించి 2025లో ఫలితాలు ప్రకటించారు. గడచిన నెలలో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒక్క పూటలో పదోవంతుకు మించి దాటితే గాయం ముప్పు పెరుగుతుంది. వారం మొత్తం లెక్క కాదు, ఆ ఒక్క పూట పరుగే కీలకం. ఎంతో విలువైన మాట ఇది.

ఒంటికాలిపై నిలబడి మడమ ఎత్తి దించడం పిక్కల బలం తెలుసుకోవడానికి ఫిజియోథెరపిస్టులు చేయించే తేలికైన పరీక్ష. ఒక కాలు ముందే అలిసిపోతే ఆ పిక్కకు బలం పెంచాలి. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి పుడుతుంటే పరుగు ఆపి డాక్టరును కలవాలి.